సోమ్లా అత్తాకోడళ్ళ స్విచ్చులు

ఏన్కూరు సెంటర్లో బస్సు దిగి "కరెంటు సోమ్లా దుకాణం ఎక్కడ?" అని అడిగితే, జనం ముందు నవ్వేవారు, ఆ తర్వాతే దారి చూపేవారు. అడిగినవాడికి ఆ నవ్వు ఎందుకో అర్థమయ్యేది కాదు. దుకాణంలో కాసేపు కూర్చుంటే అర్థమయ్యేది.

సోమ్లా తండాలో పుట్టినవాడు. పదో తరగతి తప్పి, ఖమ్మంలో ఒక మోటారు వైండింగు షాపులో పని నేర్చుకొని వచ్చాడు. పొట్టి మనిషి. జేబులో టెస్టరు, చెవి మీద పెన్సిలు, నోట్లో ఎప్పుడూ ఒక కోత. ఒకసారి జూలూరుపాడు రైతుకు తాను చుట్టిచ్చిన మోటారు ఎంత బలంగా గుంజిందంటే, ఆ రైతు బావి ఎండిపోయి, పక్క రైతు బావిలో నీళ్ళు కూడా భూమిలోంచి ఇటే వచ్చేశాయట. ఆఖరుకు పైపులోంచి కిన్నెరసాని మొసలి కూడా ఒకటి వచ్చి మడిలో పడిందట. విన్నవాళ్ళు కళ్ళు పెద్దవి చేస్తే, "పెద్దదేం కాదు లే, పిల్ల మొసలి" అని తగ్గించేవాడు. అబద్ధాన్ని కొంచెం తగ్గించి చెప్తే నిజంలా ఉంటుందని అతని నమ్మకం.

"వీడు పుట్టినప్పుడు ఏడ్వలే. ఏదో చెప్పబోయిండు" అనేది అతని అక్క హేమ్లి. తల్లి పోయాక తమ్ముణ్ణి ఆమే పెంచింది.

అతను కోతలు కోస్తాడు కదా అని పనిని తక్కువ చేసేవారు కాదు ఎవరూ. చెయ్యి మంచిది. అడవి లోపలి ఊళ్ళకు కూడా తన మోపెడ్డు మీద వైర్ల చుట్ట వేసుకొని పోయేవాడు. అక్కడే అతనికి సోలార్ పని తగులుకుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో అడవిలోని గుంపులకు, అంటే కోయల చిన్న పల్లెలకు, కరెంటు స్తంభాలు పోలేదు. సర్కారు తరఫున వచ్చినవాళ్ళు ఇంటికో సోలార్ పలక, ఒక బ్యాటరీ, రెండు బల్బులు ఇచ్చిపోయారు. కోయ ఇళ్ళలో దాన్ని ఎండదీపం అనేవారు. సోమ్లా ఊరుకుంటాడా? "ఎండ ఒక్కటే కాదు, పున్నమి నాడు ఈ పలక వెన్నెలను కూడా పడ్తది. ఆ వెన్నెల నిండిన బ్యాటరీతోని బల్బు ఏస్తే చల్లగ ఉంటది" అని ఒక ముసలమ్మకు చెప్పాడు. ఆమె పాపం మజ్జిగ ముంత తెచ్చి బల్బు కింద పెట్టుకుందట. ఈ ముసలమ్మ సంగతి చెప్పింది కూడా సోమ్లాయే కాబట్టి, ముంత ఉందో లేదో మనకు తెలియదు.

ఇంకో మూడు నాలుగేళ్ళకు ఆ గుంపులకూ స్తంభాలు వచ్చాయి, గోడలకు మీటర్లు వచ్చాయి. ఎండదీపం చిన్నది, కాని మాట తప్పేది కాదు. స్తంభం కరెంటు గట్టిది, కాని గాలి వీస్తే పోయేది, మబ్బు పడితే పోయేది, ఒక్కోసారి గాలీ మబ్బూ వస్తాయేమో అన్న అనుమానంతోనే పోయేది. దాంతో అందరికీ ఒకటే ఆశ పుట్టింది. అవే బల్బులు, అదే ఫ్యాను, స్తంభం కరెంటు ఉన్నప్పుడు దానితో, లేనప్పుడు సోలార్‌తో నడవాలి. అంటే బ్యాటరీలోని కరెంటును ఒక చిన్న ఇన్వర్టరు పెట్టెలోంచి తెచ్చి, ఇంటి మీటరు బోర్డులో కలపాలి.

ఆ పని సోమ్లా ఒక్కడే చేసేవాడు. దానికి సరైన పద్ధతి ఒకటుంది. పిడి ఉన్న ఇనుప పెట్టె ఒకటి దొరుకుతుంది. పిడి పైకెత్తితే స్తంభం కరెంటు, కిందికి దించితే సోలార్ కరెంటు. రెండూ ఒకేసారి కలవడానికి వీలుండదు. కాని ఆ పెట్టె కోసం ఖమ్మం పోవాలి, అక్కడ లేకపోతే వచ్చేదాకా ఆగాలి. సోమ్లాకు ఆగడం చేతకాదు. మామూలు స్విచ్చులు రెండు తెచ్చి, చెక్క బోర్డు మీద ఒకదాని కింద ఒకటి బిగించేవాడు. పైది స్తంభానిది, కిందిది సోలార్‌ది. పైది ఆపి కిందిది వెయ్యాలి, కిందిది ఆపి పైది వెయ్యాలి, రెండూ ఒక్కసారి వెయ్యకూడదు. చెప్పాల్సింది అంతే. కాని అంతే చెప్తే అతను సోమ్లా ఎందుకవుతాడు?

"ఇగో, చూడుండ్రి. పైన ఉన్నది అత్త. కింద ఉన్నది కోడలు. అత్త పండుకుంటేనే కోడలు లేవాలె. అత్త లేస్తే కోడలు పండుకోవాలె. ఇద్దరూ ఒక్కసారి లేచిన్రా, ఇల్లు తగలబడ్తది."

ఇంట్లో ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వేవారు. ఒక్కసారి చెప్తే మరిచేవారు కాదు. పాఠం అంటే గిట్లుండాలె అని సోమ్లా మీసం దువ్వుకునేవాడు. అటు ఏన్కూరు నుంచి ఇటు జూలూరుపాడు అడవి దాకా అత్తాకోడళ్ళ బోర్డులు పుట్టుకొచ్చాయి.

వద్దన్నది ఒక్క మనిషి. అతని బావ బద్యా, హేమ్లి పెనిమిటి.

బద్యా లైన్‌మన్. పొడుగు మనిషి, మాట తక్కువ. స్తంభం ఎక్కే ముందు ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి పోయి ఫ్యూజులు పీకేవాడు. పీకినవాటిని చొక్కా జేబులో వేసుకొని, గుండీ పెట్టి, జేబు మీద అరచేత్తో ఒకసారి తట్టేవాడు. ఫ్యూజులు తన జేబులో ఉన్నంతసేపు ఊళ్ళో ఏ వెధవా పొరపాటున కరెంటు ఇవ్వలేడు. పెళ్ళయిన కొత్తలో హేమ్లి అతని చొక్కాలు ఉతుకుతూ, ఎడమ జేబులే ముందు చిరుగుతున్నాయేమిటా అని ఆశ్చర్యపోయేదట.

ఒకరోజు దుకాణానికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు బద్యా.

"బామ్మర్దీ, ఆ పిడి డబ్బాలే పెట్టరాదు?"

"ఎందుకు బావా, నా అత్తాకోడళ్ళకు ఏమైంది?"

"ఏం కాలే. ఎప్పుడో ఒకనాడు ఇద్దరూ లేస్తరు."

"మా అక్కా నువ్వూ ఒకే ఇంట్ల ఇన్నేండ్లుగా ఇద్దరూ లేచే ఉన్నరు గద, ఇల్లు తగలబడ్డదా?"

బద్యాకు నవ్వు వచ్చింది. నవ్వొస్తే అతను మాట పొడిగించేవాడు కాదు. "సరే, నీ ఇష్టం. పని చేసేది నువ్వు, ఎక్కేది నేను" అని లేచి పోయాడు. సోమ్లా ఆ మాటను కూడా ఆ సాయంత్రం ఇంకొకరికి తమాషాగా చెప్పాడు.

రెండువేల ఏడు ఎండాకాలంలో, బీడీల తునికాకు కోతల రోజుల్లో, ఇప్పలగుంపులో నాగక్క ఇంటికి బోర్డు బిగించాడు సోమ్లా. నాగక్క కోయావిడ, ఏ పనైనా తన చేత్తో చూసుకునే మనిషి. ఇంట్లో కోడలు పుష్పలత, ఉయ్యాలలో మనవడు. అత్తాకోడళ్ళ పాఠం వినేసరికి పుష్పలత పడీపడీ నవ్వింది. నాగక్క నవ్వలేదు.

"అత్తే ఎందుకు పండుకోవాలె? కోడల్ని పైన పెట్టి అత్తను కింద పెట్టొద్దా?"

"కింద పెడ్తే అత్త నెత్తి మీద కోడలి కాలు పడ్తది నాగక్కా" అన్నాడు సోమ్లా. దానికి నాగక్క కూడా కొంచెం నవ్వింది.

ఆ వారంలోనే ఒక పొద్దున గాలిదుమారం లేచింది. వాన రెండు చుక్కలు పడి ఆగిపోయింది గాని, ఒక కొమ్మ విరిగి నాగక్క ఇంటికి స్తంభం నుంచి వచ్చే తీగల మీద పడింది. తీగలు స్తంభం దగ్గర తెగి వాకిట్లో పడ్డాయి. గాలి ఆగగానే ఊరంతా తునికాకుకు పోయింది. పుష్పలతా పోయింది. పిల్లవాడికి నాగక్క ఒక్కతే కాపలా.

కబురు అందుకొని బద్యా వచ్చాడు. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజులు పీకాడు. జేబులో వేసుకొని తట్టుకున్నాడు. నాగక్క వాకిట్లోకి వచ్చి కేకేశాడు.

"నాగక్కా, ఇంట్ల కరెంటుందా?"

"యాడిది తమ్మీ? పొద్దుగాల గాలికే పాయె. అత్త పండుకునే ఉన్నది."

బద్యా నవ్వాడు. "మా బామ్మర్ది నీకూ చెప్పిండా ఆ కథ?"

"చెప్పకుంటే వదుల్తడా ఆ పొట్టోడు?"

తీగ భుజాన వేసుకొని స్తంభం ఎక్కాడు బద్యా.

లోపల జరిగింది ఇది. ఉక్కపోతకు ఉయ్యాలలో పిల్లవాడు ఏడుస్తున్నాడు. బద్యా రాకముందే నాగక్క బోర్డు దగ్గరికి పోయి కింది స్విచ్చి వేసింది. టేబుల్ ఫ్యాను తిరిగింది, పిల్లవాడు ఏడుపు ఆపాడు. పై స్విచ్చిని ఆమె ముట్టలేదు. ఎందుకు ముట్టాలి? అత్త పడుకుంటేనే కోడలు లేవాలని కదా సోమ్లా చెప్పింది. స్తంభం కరెంటు పొద్దుట్నుంచి లేదు, అంటే అత్త పడుకునే ఉంది. పడుకున్న మనిషిని మళ్ళీ పడుకోబెట్టేదేముంది? సోమ్లా పడుకోవడం అన్నది స్విచ్చి ఆపడాన్ని. నాగక్క పడుకోవడం అనుకున్నది కరెంటు పోవడాన్ని. పాఠం పొల్లుపోకుండా గుర్తుంది ఆమెకు. గుర్తుండబట్టే అలా చేసింది.

పై స్విచ్చి వేసే ఉంది కాబట్టి, సోలార్ పెట్టెలో తయారైన కరెంటు ఫ్యానుకు పోయినట్టే మీటరులోకి కూడా పోయింది, మీటరులోంచి బయటికి, వాకిట్లో పడున్న తీగలోకి. మామూలు రోజైతే అది ఊరి లైనంతా పాకబోయి, బరువు మోయలేక, చిన్న పెట్టె కీచుమని ఆగిపోయేది. ఇంట్లోవాళ్ళకు తప్పు తెలిసేది. ఆ రోజు తీగ తెగి ఉంది. మోయడానికి బరువే లేదు. పెట్టె చడీచప్పుడు లేకుండా పనిచేసింది.

బద్యా పైన ఒక తీగ ముడి వేశాడు. ఏమీ కాలేదు. రెండో తీగ కొన పట్టుకున్నాడు.

నాగక్క అరుపులకు ఆకు కట్టలు ఆరబోసే కల్లం దగ్గరి జనం ఉరికి వచ్చారు. సోమ్లా పక్క ఊళ్ళోనే పనిలో ఉన్నాడు. అతను మోపెడ్డు మీద వచ్చేసరికి బద్యాను ట్రాక్టరు తొట్టిలో పడుకోబెడుతున్నారు. "దుప్పటి, దుప్పటి తేండ్రి" అని ఎవరో అరిస్తే సోమ్లా నాగక్క ఇంట్లోకి ఉరికాడు. దుప్పటి లాగుతూ బోర్డు వైపు చూశాడు. రెండు స్విచ్చులూ లేచి ఉన్నాయి. ఇన్వర్టరు సన్నగా జుమ్మంటోంది. తెలియకుండానే అతని చెయ్యి పోయి పై స్విచ్చిని ఆపేసింది. పనివాడి చెయ్యి అది, తప్పు కనపడితే ఊరుకోదు. ఆ క్షణంలో చూసింది అతనొక్కడే. చూసినదాన్ని చెరిపేసింది కూడా అతనే.

బద్యా బతికాడు. భుజం విరిగింది, అది అతుక్కుంది. కుడి అరచెయ్యి కాలింది, వేళ్ళు లోపలికి ముడుచుకొని మళ్ళీ తెరుచుకోలేదు. ఖమ్మం దవాఖానాలో మెలకువ రాగానే మొదట అడిగింది హేమ్లిని కాదు, పిల్లల్ని కాదు.

"ఫ్యూజులు?"

హేమ్లి దుప్పటి సర్దింది. అంతకుముందే అతని పైఅధికారి ఊరికి పోయి చూసి వచ్చాడు. ఫ్యూజులు ట్రాన్స్‌ఫార్మరు దగ్గర వాటి స్థానంలోనే ఉన్నాయి. బద్యా పడ్డప్పుడు జేబు చిరిగి అవి కింద పడితే, ఆ గత్తరలో ఊళ్ళో ఎవరో ఏరి మళ్ళీ పెట్టేశారని సోమ్లా అనుమానం. ఎవరిని అడిగినా తమకు తెలియదన్నారు. లైన్‌మన్ పడ్డ చోట నేను చెయ్యి పెట్టానని ఎవరు ఒప్పుకుంటారు? బద్యా వచ్చాక ఊరంతా కరెంటు పోయిందని చెప్పడానికి ఆ వేళ ఇళ్ళలో మనిషే లేడు, అందరూ ఆకు పనిలోనే ఉన్నారు.

"పెట్టే ఉన్నయంట" అంది హేమ్లి ఆఖరుకు.

బద్యా ఎడమ చేత్తో గుండె మీద, జేబు ఉండే చోట తట్టుకున్నాడు. "తీసినట్టే యాదికుంది" అన్నాడు. వెంటనే, "అది ముందటిరోజు తీసిందో ఏమో" అన్నాడు.

సోమ్లా మంచం పట్టె పట్టుకున్నాడు. "నువ్వు తీసినవ్ బావా. నిన్ను కొట్టింది స్తంభం కరెంటు కాదు. సోలార్ కరెంటు. నా బోర్డు. ఇద్దరూ లేచి ఉన్నరు, నేను చూసిన. అత్త లేచే ఉంది, కోడలూ లేచింది. ఇంట్లనుంచి వెనక్కొచ్చింది కరెంటు."

పక్క మంచం దగ్గర కూర్చున్నాయన ముసిముసిగా నవ్వాడు. బద్యా కళ్ళలో కూడా నవ్వులాంటిదే ఒకటి కదిలింది.

"ఎండ వెనక్కొచ్చి స్తంభమెక్కిందా?"

"నిజం బావా."

"మొసలి లెక్కనా?"

సోమ్లా మంచం పట్టె వదల్లేదు. బద్యా ఎడమ చెయ్యి చాపి అతని మోచేతిని తట్టాడు. "నా తప్పు నీ మీద ఏసుకోకురా. ఎవ్వరైనా ఒకనాడు మర్చిపోతరు."

సోమ్లా అక్కడితో ఆగలేదు. బద్యా పైఅధికారి దగ్గరికి పోయి, కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. ఆయన శాంతంగా విన్నాడు. అది జరిగేదేనని కూడా ఒప్పుకున్నాడు. కాని ఆ రోజు ఆ ఇంట్లో జరిగిందని చెప్పేదెవరు? ఇద్దరూ కలిసి నాగక్క ఇంటికి పోయారు.

"అమ్మా, ఆ రోజు పై స్విచ్చి ఆపే ఉందా, వేసే ఉందా?"

"అత్త పండుకునే ఉండె సారూ" అంది నాగక్క. భయంతో కాదు, దాపరికంతో కాదు. తెలిసిన నిజం చెప్పింది. "సోమ్లా చెప్పినట్టే చేసిన. అడుగుండ్రి, ఆయన్నే అడుగుండ్రి. పండుకుంటేనే గద లేపాలె?"

"నాగక్కా, పండుకునుడంటే..." అని మొదలుపెట్టి సోమ్లా గోడకు చెయ్యి ఆనించాడు. తన నోటితో నేర్పిన మాట, తన చెవుల్లోనే పడింది. ఇప్పుడు దాన్ని ఎటు తిప్పి చెప్పినా ఆ ముసలావిడ మనిషిని చంపబోయిందని చెప్పడమే అవుతుంది.

తిరిగి వస్తుంటే అధికారి అన్నాడు: "మీ బావను కాపాడుకోవాలని చూస్తున్నవు. నేను తప్పు పట్టను. కాని ఏన్కూరుల నీ పేరు చెప్తే నవ్వుతరు, తెలుసు గదా?"

ఆ వర్షాకాలమంతా సోమ్లా అడవి ఊళ్ళు తిరిగి, పెట్టిన అత్తాకోడళ్ళ బోర్డులన్నీ పీకి పిడి డబ్బాలు పెట్టాడు. ఆడవాళ్ళు ఊరుకోలేదు. "మంచిగున్న అత్తాకోడళ్ళను ఎందుకు విడగొడ్తున్నవ్ సోమ్లా?" అని ఆటపట్టించారు. అతను జవాబు చెప్పేవాడు కాదు. పిడి పైకెత్తితే స్తంభం, దించితే సోలార్, అని మాత్రం చెప్పి బయలుదేరేవాడు. ఇంకో మాట చెప్పు, ఏదైనా కథ చెప్పు అంటే, పని ఉందనేవాడు.

కోతలు మానేశాడు. ఎంత మానేశాడంటే, దుకాణం ముందు బెంచీ మీద కూర్చునేవాళ్ళు ఒక్కొక్కరే వేరే బెంచీలు వెతుక్కున్నారు. వాన పడుతోందా అంటే బయటికి వచ్చి చెయ్యి చాపి చూసి మరీ చెప్పేవాడు. కొన్నేళ్ళు నిజం తప్ప మరేదీ పలకకపోతే, వెనకటి నిజం కూడా ఒకటి నమ్ముతారని అతని ఆశ. ఎవరు నమ్మకపోయినా సరే, ఒక్క బద్యా నమ్మాలి.

ఎందుకంటే చెయ్యి ఒకటే కాదు పోయింది. బద్యాకు సబ్‌స్టేషన్‌లో కాపలా పని ఇచ్చారు. పొద్దున ఇంట్లోంచి బయలుదేరి గేటు దాకా పోయి తిరిగొచ్చేవాడు. "తలుపు గొళ్ళెం పెట్టిన్నా?" పెట్టావనేది హేమ్లి. కొంచెం దూరం పోయి మళ్ళీ వచ్చేవాడు. "నేను చూసి పోతా." అన్నం తిన్నాక తిన్నానా అని అడగడం ఒక్కటే తక్కువ. ఒకప్పుడు చీకట్లో ఏ స్తంభానికి ఏ ఫ్యూజో చేతివేళ్ళతో చెప్పినవాడు. ఇప్పుడు తన చేతి మీద తనకే నమ్మకం లేదు. కొత్తగా చేరిన లైన్‌మన్లు వస్తే ముడుచుకున్న చెయ్యి చాపి చూపించేవాడు. "ఫ్యూజు తీసిన అనుకొని ఎక్కకుండ్రి బిడ్డా. జేబు తట్టుకుంటే సరిపోదు, తెరిచి చూసుకోవాలె. నేను మర్చిపోయి గిట్లయిన."

ఆ మాట విన్నప్పుడల్లా సోమ్లా అక్కడినుంచి లేచి పోయేవాడు.

ఒకసారి బ్యాటరీ, ఇన్వర్టరు, పాత బోర్డు అన్నీ మోపెడ్డు మీద వేసుకొచ్చి అక్క ఇంటి వాకిట్లో దించాడు. "చూడు బావా, నేను చూపిస్త. రెండూ ఏస్త, ఈ తీగ కొనకు బల్బు పెడ్త. వెలుగుతది. నీ కండ్లతోని చూడు." బద్యా తీగ కొన వైపు చూశాడు. చూస్తూనే ముఖమంతా చెమట పట్టింది. గోడకు వీపు ఆనించి, "తీసెయ్‌రా, తీసెయ్" అన్నాడు పిల్లవాడిలా. సోమ్లా అన్నీ మూటగట్టుకొని వెళ్ళిపోయాడు.

రెండువేల తొమ్మిదిలో తండాలో, పశువులూ పిల్లలూ చల్లగా ఉండాలని చేసే సీత్లా పండుగ జరిగింది. తండా చివర మొక్కులు చెల్లించి, మధ్యాహ్నం బద్యా ఇంటిముందు పందిరి కింద అందరూ భోజనాలకు కూర్చున్నారు. బద్యా కూతురు భార్గవి అత్తగారింటి నుంచి వచ్చింది. ఆమె మామ పూల్‌సింగ్ కూడా వచ్చాడు. గట్టిగా మాట్లాడే మనిషి.

"కథల సోమ్లా అంటే నువ్వే గద? మావోళ్ళు నీ మొసలి కథ ఇప్పటికీ చెప్తరు. ఒకటి చెప్పు బావా."

"యాదికి లేవు" అన్నాడు సోమ్లా.

"యాదికి లేకపోవుడేంది?" అన్నాడు బద్యా. ఆ రోజు అతను హుషారుగా ఉన్నాడు. "ఎండ స్తంభమెక్కిన కథ చెప్పు బామ్మర్దీ. అత్తాకోడళ్ళది."

సోమ్లా బావ ముఖం చూశాడు. అడుగుతున్నాడు, అతనే అడుగుతున్నాడు. ఇంతమంది ముందు నెమ్మదిగా, ఉన్నది ఉన్నట్టు చెప్తే, ఈసారైనా వింటాడేమో. మొదలుపెట్టాడు. ఏ హంగూ లేకుండా చెప్పాడు. పైన స్తంభం స్విచ్చి, దాని పేరు అత్త. పందిరి కింద నవ్వు. కింద సోలార్ స్విచ్చి, కోడలు. ఇంకా నవ్వు. అత్త పడుకునే ఉందనుకుంది నాగక్క. భార్గవికి కూర గొంతులో పడి పొలమారింది. మా బావ ఫ్యూజులు తీసే ఎక్కిండు, అన్నాడు సోమ్లా, ఒక్కొక్క మాటా ఒత్తి పలుకుతూ. జేబుల ఏసుకొని ఎక్కిండు.

"చూసిన్రా?" అన్నాడు బద్యా పూల్‌సింగ్ వైపు తిరిగి. "దవాఖానాల, కట్టు కూడా ఇప్పకముందే నాకీ కథ చెప్పిండు. నేను మర్చిపోయిన అని ఏడుస్తుంటే, ఎండను స్తంభమెక్కిచ్చిండు నా కోసం. తప్పు తన మీద ఏసుకున్నడు. గంత ప్రేమ ఎవలకుంటది? ఆ మాటతోనే నేను బతికిన." అతని కళ్ళు తడిశాయి. నవ్వుతూనే ఉన్నాడు. "తర్వాత చెప్పు బామ్మర్దీ. తర్వాతేమైంది?"

సోమ్లా విస్తరి పక్కకు జరిపాడు. తర్వాత తల ఎత్తాడు. చేతులు రెండూ గాలిలోకి లేచాయి.

"తర్వాతేముంది? కోడలు మీటర్లకెళ్ళి దూరి, బయటికొచ్చి, తీగ పట్టుకొని సరసరా స్తంభమెక్కింది. సగం ఎక్కిందో లేదో అత్తకు మెలకువ వచ్చింది. 'ఏమే, నన్ను పండుకోబెట్టి నువ్వు ఊరి మీదికి పోతున్నవా' అని కొప్పు పట్టి గుంజింది. ఇద్దరూ కొట్టుకుంటుంటే నడుమ మా బావ. ఎవల పక్కన మాట్లాడ్తడు పాపం? చెయ్యి ఇడిసిండు."

పందిరి ఎగిరిపోయేట్టు నవ్వారు. పూల్‌సింగ్ నేల చరిచాడు. బద్యా ముడుచుకున్న చేత్తో కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. సోమ్లా లేచి చెయ్యి కడుక్కోవడానికి ఇంటి వెనక్కి పోయాడు.

డ్రమ్ము దగ్గర హేమ్లి ఉంది. చెంబుతో నీళ్ళు ముంచి అతని చేతి మీద పోసింది.

"సోమ్లా, ఆయన ఫ్యూజులు తీసిండు గదా?"

అతను చెయ్యి కడగడం ఆపాడు.

"తీసిండక్కా."

"నాకు తెలుసు. కోత కోసేటప్పుడు నీ చేతులు ఊగుతయి. దవాఖానాల ఊగలే."

"మరి ఆ రోజే ఎందుకనలే? నువ్వంటే ఆయన నమ్మేటోడు."

హేమ్లి చెంబును డ్రమ్ము అంచు మీద పెట్టింది. మళ్ళీ తీసింది. "అంటే ఆయన చెయ్యి నీ వల్లనే పోయిందని నా నోటితోని అనాలె గదరా. నువ్వు నా చేతుల పెరిగినోడివి. నా వల్ల కాలే." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇప్పుడన్నా చెప్పు ఆయనకు."

"చెప్పిన గదక్కా" అన్నాడు సోమ్లా. "ఇప్పుడే. అందరి ముందల."